పాత తీగ బేలర్: కొనేముందు చూడవలసినవి, కొన్నాక చేయవలసిన చాకిరీ

వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు, మహబూబాబాద్ జిల్లాల్లో వరి కోత ఇప్పుడు చాలావరకు హార్వెస్టర్ల చేతిలోకి పోయింది. కొడవలితో కోసి, కట్టలు కట్టి, కల్లానికి మోసి కొట్టిన రోజుల్లో గింజ రాలిన చోటే గడ్డివాము లేచేది. ఇప్పుడు గింజ ట్యాంకులోకి పోతోంది, గడ్డి మడిలో వరుసలుగా పడి ఉంటోంది. దాన్ని చేతులతో ఏరించడానికి కూలీలు దొరకక, తగలబెట్టడానికి మనసొప్పక, రైతులు గడ్డిని ఎత్తి అదిమి కట్టలు కట్టే బేలర్ వైపు చూస్తున్నారు. మన దగ్గర ఎక్కువగా తిరిగేవి చిన్న చుట్టలు చుట్టే రౌండ్ బేలర్లు; వాటి తరవాత సుతిలితో పలకల కట్టలు కట్టే స్క్వేర్ బేలర్లు. మూడో రకమైన తీగ బేలర్ మన వైపు అరుదు. అది కట్టలను సుతిలికి బదులు ఇనుప తీగతో బిగిస్తుంది. అరుదైనదే కాబట్టి చేతులు మారి వచ్చినప్పుడు ధర తక్కువ పలుకుతుంది, ఆ తక్కువ ధరను చూసే మనిషి మోసపోతాడు.

నేను అటువంటి పాత యంత్రాన్నే ఐదేళ్లుగా వానాకాలం, యాసంగి రెండు పంటలకూ నడుపుతున్నాను. దాన్ని కొనకముందు మూడింటిని చూసి వదిలేశాను. ఆ అనుభవంలో తేలిన మాట ఒక్కటే: బేలర్ విలువ దాని రంగులో, టైర్లలో లేదు, గడ్డిని అదిమే ప్లంజర్‌లోనూ తీగను మెలిపెట్టే ట్విస్టర్‌లోనూ ఉంది. మిగిలినదంతా, అంటే బేరింగులు, చైన్లు, రేకులు, పళ్లు, టైర్లు, వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో మంచి లేత్, వెల్డింగ్ షాపు ఉన్న ఎక్కడైనా సరి చేయించుకోవచ్చు. ఆ రెండు భాగాలు చెడితే మాత్రం సీజన్ నడుమ మీ ట్రాక్టరు పొలంలో నిలబడిపోతుంది.

తీగ కట్టు ఎట్లా పడుతుంది

యంత్రాన్ని అంచనా వేయడానికి ముందు అది చేసే పని కళ్లకు కట్టాలి. ముందున్న పికప్ పళ్లు వరుసలోని గడ్డిని ఎత్తుతాయి. ఫీడర్ వేళ్లు దాన్ని పక్కనుంచి గదిలోకి తోస్తాయి. ఫ్లైవీల్ అనే బరువైన చక్రం బలంతో ముందుకూ వెనక్కీ కదిలే ప్లంజర్ నిమిషానికి సుమారు 80 పోట్లు వేస్తూ, తన అంచున ఉన్న కత్తితో గడ్డిని కోస్తూ, పొర మీద పొరగా అదుముతుంది. ట్రాక్టరు పీటీఓ, అంటే ఇంజిను బలాన్ని వెనకనున్న యంత్రానికి అందించే ఇరుసు, నిమిషానికి 540 చుట్లు తిరిగినప్పుడు వచ్చే లెక్క ఇది; వేగం యంత్రాన్ని బట్టి కొంత మారుతుంది.

తీగ చుట్ట నుంచి వచ్చిన తీగ సూది కొనమీది చిన్న రోలర్ మీదుగా వెళ్లి, పైన ట్విస్టర్‌లోని పట్టు దగ్గర నిలబడి ఉంటుంది. కట్ట పెరిగేకొద్దీ గడ్డి తన ముందున్న తీగను లాక్కుపోతుంది, కాబట్టి కట్టకు మూడు వైపులా తీగ దానంతటదే పరుచుకుంటుంది. కట్ట పొడవు కొలిచే పళ్ల చక్రం నిర్ణీత చుట్టు పూర్తి చేయగానే కట్టు పని మొదలుపెట్టే మీట విడిపోతుంది. సూదులు కింది నుంచి ప్లంజర్ ముఖంలోని గాళ్లలోకి లేచి, నాలుగో వైపు తీగను పైకి తెచ్చి ట్విస్టర్‌కు అందిస్తాయి. ట్విస్టర్ రెండు కొనలనూ పట్టుకుని, కోసి, కొక్కెంతో మెలి తిప్పుతుంది. సూదులు వెనక్కి దిగుతూ తరవాతి కట్టకు తీగ కొనను పట్టులో వదిలిపోతాయి. ఇదంతా ప్లంజర్ ఒక పోటు వేసి మరో పోటుకు సిద్ధమయ్యేలోపు జరిగిపోవాలి. సుతిలికి ముడి పడుతుంది, తీగకు మెలి పడుతుంది. రెంటినీ ఒకే చూపుతో చూసే మెకానిక్ చేతికి ఈ యంత్రాన్ని ఇవ్వకండి.

తీగ ఎందుకు వచ్చిందో తెలిస్తే దాని బలాబలాలు అర్థమవుతాయి. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో లూసర్న్ అనే పశుగ్రాసాన్ని గట్టిగా అదిమి, బరువైన కట్టలుగా లారీల్లో దూరం పంపే రైతులకు సుతిలి ఆగేది కాదు. తీగ ఎలుకలు కొరికినా తెగదు, వానకు వెంటనే కుళ్లదు, గట్టి ఒత్తిడిని తట్టుకుంటుంది. దాని చెడు కూడా పాతదే. 1870ల్లో అమెరికా గోధుమ కోత బైండర్లు మొదట తీగతోనే పనలు కట్టేవి. తీగ ముక్కలు పశువుల కడుపుల్లోకి, పిండిమరల్లోకి పోతున్నాయని రైతులు గగ్గోలు పెట్టారు. జాన్ ఆపిల్‌బీ రూపొందించిన సుతిలి ముడి యంత్రాంగం అదే దశాబ్దం చివరలో వచ్చి, తీగ బైండర్లను కొద్ది కాలంలోనే వెనక్కి నెట్టింది. బర్రెలున్న ప్రతి ఇంటికీ ఆ ఫిర్యాదు ఈనాటికీ వర్తిస్తుంది. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

చూడడానికి వెళ్లినప్పుడు

ఒక టార్చి, టేపు, టైరు లివరు, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజి, సుద్దముక్క, పాత గుడ్డ, మందపు చేతితొడుగులు తీసుకుపోండి. మొదట యంత్రం మీది నంబరు పలక చదివి మోడల్ రాసుకోండి. పలక ఊడిపోతే, రంగు కింద దాగితే, ఆ మోడల్ పుస్తకం గాని విడిభాగాల పట్టిక గాని దొరికేదాకా బేరం మొదలుపెట్టకండి. బేరింగుకు దాని మీది నంబరే చాలు, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ట్విస్టర్ కొక్కేనికి మాత్రం మోడల్ తెలిస్తే తప్ప దారి లేదు. తీగ బేలర్ల ట్విస్టర్ భాగాలు మన మార్కెట్లో అరల్లో ఉండే సరుకు కాదు. చాలావరకు విదేశం నుంచి తెప్పించుకోవాలి, లేదా మరో చచ్చిన యంత్రం నుంచి తీయాలి. అందుకే యంత్రంతో పాటు పాత విడిభాగాల డబ్బా ఏదైనా ఉందా అని అడగండి. నా యంత్రంతో వచ్చిన ఒక తుప్పు పట్టిన డబ్బాలో రెండు కొక్కేలు, ఒక కట్టర్ దొరికాయి. వాటి విలువ నేను పెట్టిన టైర్ల ఖర్చుకన్నా ఎక్కువని రెండో సీజన్‌లో తెలిసింది.

ట్రాక్టరుకు బిగించకముందు, పీటీఓ షాఫ్టు విడిచి ఉంచి, ఫ్లైవీల్‌ను చేతితో దాని సహజ దిశలో మెల్లగా తిప్పండి. ఒక్క పూర్తి పోటు కాదు, కనీసం పది పోట్లు తిప్పాలి. ఎక్కడైనా బిగుసుకుంటోందా, ఎక్కడైనా ఉన్నట్టుండి జారుతోందా అని అరచేతికి తెలిసిపోతుంది. ఆ తరవాత మీటను చేతితో విడిపించి, సూదులు లేచి దిగే చక్రం మొత్తాన్ని అట్లాగే మెల్లగా చూడండి. సూదులు ప్లంజర్ ముఖంలోని గాళ్లలోకి ఏ వైపూ రాసుకోకుండా ప్రవేశించాలి. ప్లంజర్ గడ్డిని అదిమి ఉన్న సమయంలోనే సూది ఆ గాడిలో ఉండాలి. ప్లంజర్ వెనక్కి పోయాక ఇంకా సూది గదిలో ఉంటే టైమింగ్ తప్పినట్టే. సూది తేడాగా వస్తే ప్లంజర్‌ను ఆపే భద్రతా గొళ్లెం ఒకటి ఉంటుంది. అది స్వేచ్ఛగా కదులుతోందా, లేక ఎవరైనా దాన్ని తీగతో కట్టి పడేశారా అని తప్పక చూడండి. కట్టేసి ఉంటే యజమాని ఏం చెప్పినా వినవద్దు.

షియర్ బోల్టు దగ్గర ఆగాలి. ఫ్లైవీల్‌కూ దాని హబ్‌కూ మధ్య ఉండే ఈ బోల్టు యంత్రానికి ప్రాణరక్ష: రాయో, తడిగడ్డి ముద్దో గదిలో ఇరుక్కుంటే ముందు ఇది తెగి గేర్‌బాక్సును, సూదులను కాపాడుతుంది. నేను చూసి వదిలేసిన ఒక యంత్రానికి ఆ చోట గట్టి బోల్టు బిగించి ఉంది. దాన్ని నడిపే తమ్ముడు సంతోషంగా, "గట్టి బోల్టు ఏసినం అన్నా, ఇగ తెగుడు లొల్లే లేదు" అన్నాడు. బోల్టు తెగని ఆ సీజన్‌లో ఏం తెగిందో వెతికితే, గేర్‌బాక్సు ఇరుసుకు వెల్డింగు, ఒక సూదికి వంపు కనిపించాయి. షియర్ బోల్టు స్థానంలో గట్టి బోల్టు గాని, వెల్డింగు గాని కనబడితే ఆ యంత్రం లోపల ఎక్కడో దెబ్బ తిని ఉందని ముందే నమ్మి, అదెక్కడో వెతకండి.

ప్లంజర్‌ను గది మధ్యలోకి తెచ్చి, టైరు లివరుతో పక్కకూ, పైకీ కిందికీ కదిలించి చూడండి. కొద్దిపాటి ఆట సహజం. పెద్దగా ఊగుతుంటే అది జారే రోలర్లు గాని చెక్క లేదా ప్లాస్టిక్ జారుడు పట్టీలు గాని అరిగాయని అర్థం. అవి మార్చగలిగినవే. వాటి కింద గది రేకు అరిగి పల్లం పడిందా అన్నది మాత్రం టార్చితో వంగి చూడాలి. ప్లంజర్ కత్తికీ, గది అంచున కదలని కత్తికీ మధ్య సందు ఫీలర్ గేజితో కొలవండి. చాలా యంత్రాలకు అది ఒక మిల్లీమీటరు లోపే ఉండాలి. మన వరిగడ్డిలో ఇసుకలాంటి సిలికా ఎక్కువ కాబట్టి మిగతా గడ్డి రకాల కన్నా దీనికి కత్తి త్వరగా మొద్దుబారుతుంది. మొద్దు కత్తి గడ్డిని కోయదు, లాగుతుంది. లాగిన ప్రతి పోటూ ఫ్లైవీల్‌కు, బేరింగులకు భారమవుతుంది. కట్ట ఒక పక్క చిందరవందరగా, తోకలు వేలాడుతూ వస్తే ముందు అనుమానించవలసింది కత్తినే.

ట్విస్టర్‌కు ఎక్కువ సమయం పెట్టండి. అమ్మేవాడు తొందర పెడితే ఇంకా ఎక్కువ పెట్టండి. కొక్కెం అంచు తీగ రాపిడికి గాడి పడి ఉంటుంది. గాడి నునుపుగా, లోతు లేకుండా ఉంటే పరవాలేదు, లోతుగా పడి తీగ అందులో చిక్కేంత ఉంటే మార్చాలి. తీగను పట్టే పట్టు ముఖాలు చదునుగా ఉన్నాయా, వాటి స్ప్రింగు బలంగా నొక్కుతోందా చూడండి. పట్టు వదులైతే తీగ మెలి పడకముందే జారి, కట్ట గదిలోంచి బయటికి రాగానే విప్పుకుంటుంది. కట్టర్ మొద్దైతే తీగ తెగకుండా సాగి, కొన పొడవుగా మిగులుతుంది. ఇరుసుకూ బుష్‌కూ మధ్య చేతికి తెలిసేంత ఆట ఉంటే ట్విస్టర్ ఒక కట్టకు సరిగా, మరో కట్టకు తప్పుగా పని చేస్తుంది. ఇటువంటి అప్పుడప్పుడూ వచ్చే తప్పే పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టం. సూది కొన రోలర్లు సులువుగా తిరగాలి. తిరగని రోలర్ మీద తీగ రాసుకుని గీతలు పడుతుంది, ఆ గీత దగ్గరే తరవాత తెగుతుంది.

సూదులు, వాటిని మోసే కాడి వంగాయేమో తెలుసుకోవడానికి రెండింటి కొనల నుంచి గది పక్కలకు దూరం టేపుతో కొలిచి సరిపోల్చండి. పికప్ పళ్లు, చైన్లు, ఫీడర్ వేళ్లు, టైర్లు, లాగే దూలం, ఇరుసు మీది వెల్డింగు అతుకులు వంటివి పది నిమిషాల్లో చూసేయవచ్చు. వాటిలో దోషం ధర తగ్గించుకోవడానికి పనికొస్తుంది, అంతే. గేర్‌బాక్సు నూనెలో వేలు ముంచి గుడ్డ మీద రుద్దండి. నీళ్లు కలిసి పాలలా ఉన్నా, ఇనుప పొడి మెరిసినా గేర్‌బాక్సు విప్పడానికి అయ్యే ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

చివరి పరీక్ష పొలంలోనే. ట్రాక్టరు పీటీఓ 540 చుట్లకు వచ్చిన తరవాత, ఎండిన వరుసలో, కనీసం ఇరవై కట్టలు కట్టి చూపించమని అడగండి. షెడ్డులో ఖాళీ యంత్రం తిరగడం ఎవరికీ ఏమీ చెప్పదు. ఒక్కో కట్టకు ప్లంజర్ ఎన్ని పొరలు వేసిందో లెక్కపెట్టండి. మూడు అడుగుల కట్టకు 12 నుంచి 18 మధ్య ఉంటే ఫీడింగు సరిగా ఉన్నట్టు. పొరలు బాగా తక్కువైతే పోటుకు గడ్డి ఎక్కువ పడి యంత్రం అలుస్తోందని తెలుసుకోవాలి. కట్ట వంకరగా అరటిపండులా వస్తే గడ్డి ఒక వైపే ఎక్కువ పడుతోంది. వరుస మీద ట్రాక్టరు నడిపే తీరు, ఫీడర్ వేళ్ల అమరిక చూసుకోవాలి. కట్టల మీది మెలిలు విడదీయకుండా పరిశీలించండి. రెండు తీగలూ ఒకదాని చుట్టూ ఒకటి సమానంగా, తాడు పేనినట్టు మెలిపడి ఉండాలి. ఒక తీగ నిటారుగా ఉండి రెండోది దాని చుట్టూ చుట్టుకుని ఉంటే బిగువు సమానంగా లేదు, అటువంటి మెలి ట్రాలీ కుదుపుకే జారుతుంది. ఇరవైలో ఒకటి విప్పుకుంటే సర్దుబాటుతో పోతుంది. నాలుగైదు విప్పుకుంటే ట్విస్టర్ అరుగుదల ఉన్నట్టు.

ట్విస్టర్ పూర్తిగా పోయిన యంత్రాన్ని కొని, సుతిలికి ముడి వేసే నాటర్ వేయిద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కొన్ని మోడళ్లను కంపెనీలు తీగకూ సుతిలికీ రెండు రూపాల్లో అమ్మాయి కాబట్టి అది పూర్తిగా అసాధ్యం కాదు. అయితే నాటర్ ఒక్కటే కాదు, సూదులు, నడిపే ఇరుసు, దారపు డబ్బా, టెన్షన్ అమరికలు అన్నీ మారాలి. అదే మోడల్ సుతిలి యంత్రం పూర్తి సెట్టు చేతిలో ఉంటే తప్ప దీనికి దిగవద్దని నా సలహా. దానికి పెట్టే డబ్బుకు మంచి పాత సుతిలి బేలర్ వస్తుంది.

తీగ ఎంపిక

తీగ బేలర్లకు ప్రామాణికంగా వాడేది మంటలో మెత్తబరిచిన నల్ల తీగ, 14½ గేజి, అంటే సుమారు 1.9 మిల్లీమీటర్ల మందం. ఇంటి స్లాబుల దగ్గర ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు కూడా నల్లగా, మెత్తగా ఉండడం చూసి అదే చాలనుకుంటారు. దాని మందం ఒక మిల్లీమీటరు దరిదాపు మాత్రమే, ఒత్తిడికి తెగిపోతుంది, పట్టులో నిలవదు. పొలం గెట్ల మీద కట్టే కంచె తీగ దానికి విరుద్ధం: గట్టిది, మెలిపడేటప్పుడు విరుగుతుంది, కొక్కేన్ని తినేస్తుంది. పత్తి జిన్నింగ్ మిల్లుల్లో 170 కిలోల దూది బేళ్లకు బిగించే తీగ దొరుకుతుంది కదా అని నేను మొదటి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగాను. మందం, మెత్తదనం రెండూ కొలిచి సరిపోలితేనే తీసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. కొనేముందు అడుగు ముక్క కత్తిరించి, దాన్ని సగానికి మడిచి, శ్రావణంతో ఐదారు మెలిలు వేయండి; విరగకుండా, పగుళ్లు లేకుండా మెలిపడితే పనికొస్తుంది. తుప్పు పట్టిన చుట్టను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఖర్చు లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. 14 అంగుళాల ఎత్తు, మూడు అడుగుల పొడవు ఉన్న కట్ట చుట్టూ ఒక్కో తీగ, మెలితో కలిపి, ఎనిమిది నుంచి తొమ్మిది అడుగులు పడుతుంది. రెండు తీగలకు కలిపి కట్టకు దాదాపు 120 గ్రాముల ఇనుము, వంద కట్టలకు 12 కిలోలు. సుతిలితో పోలిస్తే భారమే. వరిగడ్డి కట్ట 15 నుంచి 20 కిలోలే తూగుతుంది కాబట్టి తీగ బలమంతా మనకు అవసరం పడదు. దూరపు డెయిరీలకు, వాన తడిసే చోట నిల్వకు, ఎలుకల బెడద ఉన్న షెడ్లకు తీగ కట్ట నప్పుతుంది. మీ ఇంటి ముందరి నాలుగు బర్రెల కోసమే అయితే సుతిలి యంత్రమే నయం.

బర్రె కడుపులో తీగ

బర్రె మేతను నోట్లో ఏరుకుని తినదు. మింగి, తరవాత నెమరు వేస్తుంది. రెండు అంగుళాల తీగ ముక్క గడ్డితో పాటు లోపలికి పోతే, బరువు వల్ల జాలీలాంటి గోడలున్న రెండో కడుపులో, రెటిక్యులంలో, నిలుస్తుంది. ఆ కడుపు ముడుచుకున్నప్పుడల్లా ముక్క గోడను గుచ్చుతుంది. దానికి ముందు కొద్ది దూరంలోనే గుండె ఉంది. మేత తగ్గడం, పాలు పడిపోవడం, వీపు వంచి నిలబడడం, పల్లంలోకి దిగడానికి జంకడం, తరవాతి దశలో మెడకింద, ఛాతీ ముందు నీరు దిగడం కనబడితే వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి. కొన్నిచోట్ల ముందుజాగ్రత్తగా పశువు చేత అయస్కాంతం మింగిస్తారు. అది పశువైద్యుడి నిర్ణయం.

మన చేతిలో ఉన్న జాగ్రత్త లెక్క. కట్టకు రెండు తీగలు పోయాయి కాబట్టి విప్పిన కట్టకు రెండు తీగలు తిరిగి రావాలి. మెలి దగ్గర కాకుండా, మెలికి ఎదురుగా ఒకే చోట కత్తిరించి, తీగను మొత్తంగా లాగి, కొక్కేనికి తగిలించండి. గొడ్డలితో కొట్టి తెంచడం, రెండు మూడు చోట్ల తెంపడం కూడదు. మేతను ముక్కలు చేసే చాఫ్ కట్టర్‌లో కట్టను తీగతో సహా వేయడం అన్నిటికన్నా ప్రమాదకరం: తీగ ముక్కలు ముక్కలై మేతలో కలిసిపోతుంది, కత్తి విరిగి ఎగురుతుంది కూడా. పొలంలో ట్విస్టర్ కోసి వదిలిన చిన్న కొనలు, విప్పుకున్న కట్టల తీగలు అప్పటికప్పుడే ఒక డబ్బాలో వేసుకోవాలి. అవి మడిలో మిగిలితే వచ్చే పంటలో రోటవేటర్‌కు చుట్టుకుంటాయి, మేతకు వదిలిన పశువు కాలికి గుచ్చుకుంటాయి. మా ట్రాలీ వెనక ఒక పాత నూనె డబ్బా ఎప్పుడూ వేలాడుతుంది. సీజన్ చివర ఆ ఇనుము పాతసామానువాడికి పోతుంది. కట్టలు కొనుక్కునే డెయిరీ వాళ్లకు కూడా ఈ మాట ప్రతిసారీ చెబుతాను, విసుక్కున్నా సరే.

రోజువారీ చాకిరీ

గడ్డి ఎండిందా లేదా అన్నది తేల్చుకున్నాకే యంత్రం కదిలించాలి. తేమ 18 శాతం కన్నా తక్కువ ఉండాలి. పిడికెడు గడ్డి తీసుకుని తాడులా మెలిపెడితే పటపటమని కొన్ని కాడలు విరగాలి. మెత్తగా మెలిపడిపోతే ఇంకా తడి ఉంది. వానాకాలం పంట కోసే కార్తిక మాసపు రోజుల్లో మంచు ఆరేదాకా, ఉదయం పదకొండు దాకా ఆగవలసి వస్తుంది. కాలువ కింద చైన్ హార్వెస్టర్ దిగిన బురద మడిలో ఇంకా రెండు మూడు రోజులు. యాసంగి కోతల్లో, ఏప్రిల్, మే ఎండల్లో, కథ తిరగబడుతుంది: మధ్యాహ్నం గడ్డి పొడిపొడిగా నుగ్గయి పికప్ దగ్గరే సగం రాలిపోతుంది. అప్పుడు పొద్దుటి పూట, సాయంత్రం పూట కట్టడం మేలు. తడి కట్ట వాములో వేడెక్కి బూజు పడుతుంది, బాగా వేడెక్కితే మంట కూడా లేస్తుంది. తీగ కట్ట గట్టిగా ఉంటుంది కాబట్టి అందులో తేమ బయటికి పోవడం ఇంకా కష్టం.

ప్రతి ఉదయం చైన్లకు నూనె, నిపుళ్లకు గ్రీజు వేయండి. ట్విస్టర్‌ను కంప్రెసర్ గాలితో ఊది, దుమ్ము పోయాకే నూనె చుక్కలు వేయాలి; దుమ్ము మీద నూనె వేస్తే అది సానరాయి ముద్దలా మారి భాగాలను అరగదీస్తుంది. షియర్ బోల్టు పుస్తకంలో చెప్పిన రకమే, పది పన్నెండు సంచిలో ఎప్పుడూ ఉండాలి. బేరింగుల చుట్టూ, గేర్‌బాక్సు మీద, ట్రాక్టరు సైలెన్సర్ దగ్గర పేరుకున్న గడ్డి పొట్టును మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసేయాలి. ఎండాకాలం వేడెక్కిన ఒక్క బేరింగ్ చాలు, బేలర్ తగలబడిపోవడానికి. నీళ్ల డబ్బా, అగ్నిమాపక సిలిండరు ట్రాక్టరు మీద పెట్టుకోండి. గేర్‌బాక్సుకు 90 గ్రేడు గేరు నూనె సాధారణంగా సరిపోతుంది. మట్టం నెలకోసారి చూడండి.

కత్తిని మొద్దుబారిందని తోచినప్పుడల్లా విప్పి, ఏటవాలు వైపు మాత్రమే సాన పట్టించాలి. చదును వైపు ముట్టుకుంటే సందు చెడుతుంది. బిగించేటప్పుడు కదలని కత్తి వెనక షిమ్ములు, అంటే పలచని రేకు ముక్కలు, తీసో, వేసో సందు సరిచేసి, ఫ్లైవీల్ చేతితో తిప్పుతూ పై నుంచి కింది దాకా మళ్లీ కొలవాలి. సూది టైమింగ్ చైను విప్పవలసి వస్తే విప్పకముందు పళ్ల మీద సుద్దతో, వీలైతే పంచితో గుర్తులు పెట్టండి. ఒక్క పన్ను తప్పు పడితే సూదులు ప్లంజర్‌కు కొట్టుకుంటాయి. నేను ఒకసారి గుర్తు పెట్టకుండా విప్పి, రాత్రి పదకొండింటి దాకా టార్చి వెలుగులో కూర్చున్నాను.

మెలిలు తప్పడం మొదలైతే సర్దుబాటు ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మెలి విప్పుకుంటోందంటే పట్టు స్ప్రింగు, మెలి దగ్గరే తెగుతోందంటే తీగ గట్టిదనం లేదా కొక్కెం గాడి, మెలికి దూరంగా తెగుతోందంటే సూది రోలర్ లేదా తీగ దారిలోని ఏదో పదునైన అంచు, ఒక వైపు మెలి మాత్రమే తప్పుతోందంటే ఆ వైపు తీగ బిగువు, ఈ వరసలో వెతకాలి. రెండు స్క్రూలు ఒకేసారి తిప్పితే ఏది మేలు చేసిందో, ఏది చెడు చేసిందో చెప్పడం ఎవరి తరం కాదు.

ఇరుక్కున్న గడ్డిని తీయాలన్నా, తెగిన తీగను ఎక్కించాలన్నా ముందు పీటీఓ తీసి, ట్రాక్టరు ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, ఫ్లైవీల్ పూర్తిగా ఆగేదాకా నిలబడండి. ఇంజిను ఆగినా ఫ్లైవీల్ చాలాసేపు తిరుగుతుంది; అది తిరుగుతున్నంత సేపూ ప్లంజర్ కత్తి కదులుతూనే ఉంటుంది. మీట జారి విడితే సూదులు ఒక్కసారిగా లేస్తాయి. పీటీఓ షాఫ్టు మీద గొట్టం లేకుండా నడపవద్దు. మెడలో తువ్వాల, లుంగీ కొంగు, చీర చెంగు దాని దగ్గరికి పోకూడదు. పికప్ నోట్లోకి చేత్తో గడ్డి అందించే అలవాటు కూలీలకు ఉంటే మొదటి రోజే మాన్పించండి. తీగ కత్తిరించేటప్పుడు కొన స్ప్రింగులా ఎగురుతుంది, కంటికి అద్దాలు పెట్టుకోవాలి.

సీజన్ అయిపోయాక గదిలో చివరి కట్టను వదిలేయకుండా పూర్తిగా బయటికి తీయండి. లోపల మిగిలిన గడ్డి వానాకాలమంతా తేమను పట్టి ఉంచి, గది రేకును, ప్లంజర్ కత్తిని తుప్పు పట్టిస్తుంది. ఒత్తిడి పెట్టే స్ప్రింగులను వదులు చేయాలి, ట్విస్టర్‌ను కిరోసిన్‌తో కడిగి నూనె పూయాలి, గది లోపలి మెరిసే రేకులకు గ్రీజు పల్చగా రుద్దాలి. టైర్లు నేల తాకకుండా ఇరుసు కింద దిమ్మెలు పెట్టి, టార్పాలిన్ కప్పండి. సూది నుంచి తీగ తీసేసి, మిగిలిన చుట్టలను నేల మీద కాకుండా చెక్క పలకల మీద, ప్లాస్టిక్ కవరులో, ఎరువుల బస్తాలకు దూరంగా దాచండి. యూరియా బస్తా పక్కన పెట్టిన నా రెండు చుట్టలు తరవాతి పంట నాటికి గుప్పెడు తుప్పు రాల్చాయి.